కువైట్ వెళ్లే చెల్లిని మనం అడగవలసిన మాట



కొన్నేళ్ల క్రితం మన సంఘంలోని ఒక సహోదరి ఇంటి పనికి కువైట్ బయలుదేరింది. ఆదివారం ఆరాధన అయ్యాక తలమీద చేతులుంచి ప్రార్థన చేశాము. పిల్లలు ఏడ్చారు, మేమూ ఏడ్చాము. మొదట్లో ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. తర్వాత ఫోన్ ఆగిపోయింది. వారం, రెండు వారాలు, నలభై రోజులు. ఆమె తల్లి మా గుమ్మంలో కూర్చుని, "అయ్యగారూ, ఇప్పుడు ఎవరిని అడగమంటారు?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఏ ఇంట్లో ఉందో, యజమాని పేరేమిటో, పాస్‌పోర్టు నెంబరెంతో మాలో ఎవరికీ తెలియదు. ప్రార్థించి పంపాము గాని, ఎక్కడికి పంపుతున్నామో అడగలేదు.

దేవుని కృపవలన ఆమె మళ్లీ ఫోన్ చేసింది. ఇంటివాళ్లు ఫోన్ తీసేసుకున్నారట. కానీ ఆ నలభై రోజులు మాకు బుద్ధి నేర్పాయి.

ఆదికాండము 16వ అధ్యాయంలో హాగరును చూడండి. ఐగుప్తు నుండి వచ్చి పరాయి ఇంట్లో పనిచేసిన స్త్రీ. ఆ అధ్యాయంలో అబ్రాముగాని శారయిగాని ఆమెను పేరు పెట్టి పిలిచినట్లు కనబడదు. అరణ్యంలో నీటి బుగ్గ దగ్గర దేవుని దూత మాత్రం ముందు పేరు పెట్టి పిలిచాడు. తర్వాత ఎక్కడినుండి వచ్చిందో, ఎక్కడికి పోతోందో అడిగాడు. తనను చూసే దేవుడు ఉన్నాడని ఆమెకు అక్కడే తెలిసింది. ఆ ప్రశ్నలు మనం కూడా అడగాలి.

అందుకే ఇప్పుడు సంఘంలో ఒక పుస్తకం పెట్టాము. వెళ్లేవారి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు అందులో ఉంటాయి. యజమాని పేరు, చిరునామా రాస్తాము. పని కోసం విజిట్ వీసా మీద పంపుతానన్న ఏజెంటును నమ్మవద్దని చెబుతాము.

వెళ్లినవారికి కూడా ఒక మాట. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో 68వ నెంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం పని రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. అన్ని ఇళ్లలోనూ ఇలా జరగదని మీకే బాగా తెలుసు. అయినా మీ హక్కు మీరు తెలుసుకోండి. మీ వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది గనుక, కోపంలో చెప్పకుండా ఇల్లు వదిలితే మీ మీదే కేసు పడవచ్చు. కష్టం వస్తే భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. సివిల్ ఐడి ఫోటో ఇంటికి పంపండి. నీళ్లు, రొట్టె, నొప్పి, మందు అని అరబ్బీలో అడగడం మొదటి వారమే నేర్చుకోండి.

ఇవన్నీ అడిగితే విశ్వాసం తక్కువైనట్లు కాదు. ప్రార్థించిన చేతితోనే చిరునామా కూడా రాసుకుందాం.

ఈ వారం మీ ఇంటినుండి వెళ్లినవారికి ఫోన్ చేయండి. డబ్బు ఎప్పుడు పంపుతావని కాదు, అన్నం తిన్నావా, ఎక్కడ పడుకుంటున్నావు అని ముందు అడగండి.

చూచుచున్న దేవుడు మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.