ఉర్దూ దస్తావేజు

అద్దె ఇండ్లలో చాలా ఏండ్లు గడిపిన పిదప, కొండగట్టు దిగువన పాడుబడిన పెంకుటిల్లొకటి అమ్మకానికున్నదని విని చూడబోయినాము. గూనపెంకులు సగం జారిపోయినవి. వాకిట తుమ్మ మొలిచినది. మట్టిగోడలు వానకు కరిగినవి. టేకు దూలాలకు మాత్రం చెదలు పట్టలేదు. నాన్నగారు గోటితో గీచి చూచి, "ఇల్లు బ్రతికే ఉన్నది" అన్నారు. అమ్మ మాట్లాడలేదు, వంటింట వెలుతురు ఆమెకు చాలలేదు.

పాత దస్తావేజు ఉర్దూలో ఉన్నది. 1948కి పూర్వం నిజాం రాజ్యంలో రాజభాష అదియే కదా! మాలో ఎవ్వరికీ చదువరాదు. పొరుగింటి చాచాను ఆశ్రయించినాము. ఆయన కండ్లద్దాలు తుడుచుకొని, హద్దులు చదువుతూ ఒకచోట ఆగినారు. తమ పశువుల కొట్టం నిలిచిన రెండు గజాల నేల ఈ ఇంటిదేనని అందులో ఉన్నదట! ఆ వాక్యం దాటవేసినా మాకు తెలిసేది కాదు. ఆయన రెండుమార్లు చదివి వినిపించినారు.

నాన్నగారు కొట్టం కదపవద్దన్నారు. ఇల్లు కొన్నాము. మట్టిగోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే నిలుస్తుందని మేస్త్రి వారించగా, సున్నమే పూయించినాము. పెంకులు సర్దేందుకు నిచ్చెన వేసినది చాచా కొట్టం పక్కనుండియే. వంటింటికి కిటికీ ఇంకా పెట్టించవలసి ఉన్నది.