శ్రీహరికోటలో గుర్తుకు వచ్చిన మంచం



మొన్న జనవరిలో మా శ్రీకాకుళం విశ్రాంత ఉద్యోగులం పద్దెనిమిది మందిమి శ్రీహరికోట చూసి వచ్చాము. ఆమదాలవలస నుండి సూళ్లూరుపేటకు దాదాపు 800 కిలోమీటర్ల రైలు ప్రయాణం. అంతసేపు కాళ్లు వేలాడదీసి కూర్చుంటే పిక్కల సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. అందువల్ల మెలకువగా ఉన్నంతవరకు గంటకొకసారి అందరినీ లేపి, పెట్టెలో ఈ చివరి నుండి ఆ చివరి దాకా నడిపించాను. "రిటైరైనా మీరు రౌండ్లు మానలేదు డాక్టరుగారూ" అని నవ్వారు.

సూళ్లూరుపేట దాటగానే బస్సు పులికాట్ సరస్సు మధ్యగా సాగింది. రెండు వైపులా నీరు, దూరంగా రాజహంసల గుంపులు. ముందుగా పేర్లు నమోదు చేసుకున్నందున, గుర్తింపు కార్డులు చూపగానే లోనికి అనుమతించారు. మా వెంట వచ్చిన మార్గదర్శకుడు చక్కని తెలుగులో అన్నీ వివరించాడు. తూర్పున సముద్రం ఉండడం, భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం ఈ దీవికి కలిసి వచ్చాయి. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుండి మొదట ఎగిరినది ఒక చిన్న రోహిణి రాకెట్టు. 1979 ఆగస్టులో ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం బంగాళాఖాతంలో ముగిసింది. ఏడాది తిరగకముందే, 1980 జూలై 18న, అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. చంద్రయాన్-3 బయలుదేరినది కూడా ఇక్కడి నుండే. ఆ నమూనాల ముందు నిలబడినపుడు మాలో అందరి వెన్నులూ కొంచెం నిటారుగా అయ్యాయి.

మనుషులను పంపే గగన్‌యాన్ నౌక నమూనా దగ్గర, మాలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఇలా అన్నారు: "అక్కడ బరువే తెలియదు కదా, మోకాళ్ల నొప్పులు ఉండవు. హాయిగా తేలుతూ పడుకోవచ్చు." అందరూ నా వైపు తిరిగారు.

నేను చెప్పినది ఇది. బరువు మోయని ఎముకను శరీరం అనవసరమైన సామానుగా లెక్కిస్తుంది. అంతరిక్షంలో నడుము, తుంటి ఎముకల సాంద్రత నెలకు ఒకటి నుండి ఒకటిన్నర శాతం దాకా తరిగిపోతుంది. కరిగిన సున్నం మూత్రంలో పోతూ, మూత్రపిండాలలో రాళ్లకు దారి తీయవచ్చు. కండలు క్షీణిస్తాయి, గుండె పట్టు సడలుతుంది. అందుకే అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు రోజుకు దాదాపు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. 2025లో శుభాంశు శుక్లా అక్కడ చేసిన ప్రయోగాలలో కండర కణాలకు సంబంధించినది ఒకటి ఉన్నది. భూమి మీద ఈ మార్పులను పరిశీలించడానికి శాస్త్రజ్ఞులు ఎన్నుకున్న ఉపాయం ఏమిటో తెలుసా? ఆరోగ్యవంతులను తల వైపు కొద్దిగా వాల్చిన మంచం మీద వారాల తరబడి పడుకోబెట్టడం!

ఆ మాట అంటుండగా నా గొంతు పట్టేసింది. మంచినీళ్లు తాగి ఊరుకున్నాను. ఎందుకో అక్కడ చెప్పలేదు, మీకు చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం రాజాం దగ్గరి పల్లెలో మా అప్ప కాలు జారి పడి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స బాగా జరిగింది. వాకరు పట్టుకొని నడిపించమని చెప్పి పంపారు. ఇంటికి వచ్చాక, మళ్లీ పడుతుందేమోనన్న భయంతో నేనే అడ్డుపడ్డాను. "తొందరేముంది అప్పా, నెల రోజులు కదలకు" అన్నాను. కోడళ్లు అన్నం, నీళ్లు, బెడ్‌పాన్ సమస్తం మంచం దగ్గరికే తెచ్చారు. "ఒరే తమ్ముడూ, ఒక్కసారి లెగనా?" అని ఆమె రెండు మూడు సార్లు అడిగింది. నేను వద్దన్నాను. నెల తరువాత లేపబోతే కాళ్లు నిలవలేదు. వీపున పుండ్లు, ఆపై న్యుమోనియా. మూడో నెలలో పోయింది. ఊరిలో అందరూ "తమ్ముడు డాక్టరు, ఎంత బాగా చూసుకున్నాడో" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. వందల మంది రోగులకు నడవమని చెప్పిన నేను సొంత అప్పకు చెప్పలేకపోయాను.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ల యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం మీద ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ల తరువాత వారినే మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు తగ్గించిన సామర్థ్యం కంటే ఆ మూడు వారాల మంచం తగ్గించినదే ఎక్కువ అని తేలింది. మరొక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు పది రోజుల పడకతోనే కాళ్లలో దాదాపు ఒక కిలో కండ పోగొట్టుకున్నారు. యువకుడు దానిని తిరిగి సంపాదించుకోగలడు. డెబ్బై ఏళ్ల మనిషికి అది చాలా కష్టం.

విశ్రాంతి అవసరమైన జబ్బులు లేకపోలేదు. ఎముక అతకని స్థితిలోనో, గుండెపోటు వచ్చిన తొలి గంటల్లోనో రోగిని బలవంతంగా నడిపించకూడదు. కనుక ఆసుపత్రి నుండి వచ్చే రోజున వైద్యుణ్ణి ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఎప్పుడు కూర్చోబెట్టాలి? ఎప్పుడు నిలబెట్టాలి? కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. అనుమతి ఉంటే భోజనం కుర్చీలోనే పెట్టండి. పడుకున్నపుడు కూడా మడమలు పైకీ కిందికీ ఆడించమనండి. గుడ్డు, పప్పు, పాలు తగ్గనివ్వకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వీటి మోతాదు వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. నేలపై తడి లేకుండా, రాత్రి దీపం వెలుగుతూ ఉండేలా చూడండి. పడతారన్న భయం నిజమైనదే, కానీ దానికి మందు పక్కన ఒక మనిషి, చేతిలో ఒక ఊతం.

మీ ఇంట్లో మంచం పట్టిన పెద్దవారు ఉంటే, ఈ సాయంత్రమే ఆ మంచం పక్కన చేతులున్న గట్టి కుర్చీ ఒకటి వేయండి. వారు "లెగనా?" అని అడిగినపుడు, వైద్యుడు వద్దనకపోతే, మీరు వద్దనకండి.