పిన్ కొడితే పుట్టిన కంపెనీ

హెల్సింకీ నుంచి ఎస్టోనియా రాజధాని టాలిన్‌కు ఓడలో రెండు గంటలు. మధ్యలో ఉన్న ఫిన్‌లాండ్ సింధుశాఖ వెడల్పు 80 కిలోమీటర్లే. నా చుట్టూ కూర్చున్న ఫిన్‌లాండ్ వాళ్లలో చాలామంది చేతుల్లో ఖాళీ ట్రాలీలున్నాయి. టాలిన్‌లో మద్యం చవక. పొద్దున వెళ్లి, బండి నింపుకొని సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. నేనెందుకు వెళ్తున్నానని పక్క సీటు పెద్దాయన అడిగాడు. కంపెనీ పెట్టడానికని చెప్పాను. ఆయనేం ఆశ్చర్యపోలేదు. "మా వాళ్లూ పెడుతుంటారు, అక్కడ కాగితాల గోల తక్కువ" అన్నాడు.

హైదరాబాద్‌లో మాది భవనాల డ్రాయింగులు తయారుచేసే చిన్న సంస్థ. ఫిన్‌లాండ్, జర్మనీ ఆర్కిటెక్టులు మాకు పని ఇస్తారు. పని నచ్చుతుంది, పేచీ అంతా బిల్లు దగ్గరే. యూరప్ బయటి సంస్థకు డబ్బు పంపాలంటే వాళ్ల అకౌంట్స్ విభాగం ఫారాల మీద ఫారాలు అడుగుతుంది. "యూరప్‌లో ఎక్కడైనా ఒక కంపెనీ పెట్టుకోండి, మీకూ మాకూ సుఖం" అని హెల్సింకీ క్లయింటు సలహా ఇచ్చాడు. అంతకుముందు సింగపూర్ సంగతి ఆరా తీశాను. అక్కడ విదేశీయుడు కంపెనీ పెట్టొచ్చుగానీ, డైరెక్టర్లలో ఒక్కరైనా అక్కడే నివసించేవాళ్లు ఉండాలి. మనకు ఎవరూ లేకపోతే డబ్బిచ్చి ఒకరిని పెట్టుకోవాలి. ఎస్టోనియాలో ఆ నిబంధన లేదు. డైరెక్టరు హైదరాబాద్‌లో ఉన్నా వాళ్లకు ఇబ్బంది లేదు.

ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. 1991లో సోవియట్ నుంచి విడిపోయాక, మనుషులు తక్కువ కాబట్టి ప్రభుత్వాన్ని కంప్యూటర్ల మీద నడపాలని తీర్మానించుకున్నారు. 2000లో డిజిటల్ సంతకానికి మామూలు సంతకంతో సమానమైన విలువ ఇస్తూ చట్టం చేశారు. 2002 నుంచి పౌరులకు చిప్ ఉన్న గుర్తింపు కార్డులు ఇస్తున్నారు. 2014 డిసెంబర్‌లో ఆ సౌకర్యాన్ని విదేశీయులకూ తెరిచారు. అదే ఈ-రెసిడెన్సీ. జపాన్ మాజీ ప్రధాని షింజో అబే కూడా ఆ కార్డు తీసుకున్నారు. ఇప్పుడు ఈ-రెసిడెంట్ల సంఖ్య లక్ష దాటింది.

దరఖాస్తు ఇంట్లో కూర్చునే పెట్టాను. పాస్‌పోర్టు కాపీ, ఫొటో, ఎందుకు కావాలో నాలుగు ముక్కలు, 150 యూరోల రుసుము. మన పూర్వాపరాలు అక్కడి పోలీసులు విచారించి మంజూరు చేస్తారు. కార్డును ఢిల్లీలోని ఎస్టోనియా రాయబార కార్యాలయంలోనూ తీసుకోవచ్చు. బ్యాంకువాళ్లను ముఖాముఖి కలవాలి కాబట్టి నేను టాలిన్‌నే ఎంచుకున్నాను. ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కార్డు ఉంటే ఎస్టోనియాలో ఉండే హక్కేమీ రాదు, వీసా కూడా రాదు. షెంగెన్ వీసాకు అందరిలాగే నేనూ బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డాను.

టాలిన్ పాతబస్తీ రాళ్లు పరిచిన సందులు, బురుజులు, ఎత్తైన చర్చి శిఖరాలతో సినిమా సెట్టులా ఉంటుంది. నా పని మాత్రం దానికి దూరంగా, పోలీసు, సరిహద్దు రక్షణ శాఖ సేవా కేంద్రంలో. టోకెన్ తీసుకుని కూర్చున్నాను. నంబరు రాగానే ఒకమ్మాయి పాస్‌పోర్టు చూసి, వేలిముద్రలు తీసుకుని, ఓ చిన్న పెట్టె చేతికిచ్చింది. అందులో కార్డు, యూఎస్‌బీ కార్డ్ రీడర్, సీల్ వేసిన కవరు ఉన్నాయి. కవరులో రెండు పిన్‌లు. నాలుగంకెలది లాగిన్ కావడానికి, అయిదంకెలది సంతకానికి. మూడుసార్లు తప్పు కొడితే తాళం పడుతుంది. "రెండో పిన్ ఎవరికైనా చెప్పారంటే ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే" అని హెచ్చరించి, ఆ అమ్మాయి తర్వాతి నంబరు పిలిచింది.

టాలిన్ టెక్నికల్ యూనివర్సిటీలో చదివే గుంటూరు అబ్బాయి ఒకడు మిత్రుల ద్వారా పరిచయం. ముస్తమే ప్రాంతంలో వాళ్ల హాస్టల్. ఆ సాయంత్రం అక్కడి వంటగదిలో టమాటా పప్పు ఉడుకుతుండగా ల్యాప్‌టాప్ తెరిచాం. "అన్నా, ఈ దేశంలో సంతకం పెట్టమని పెన్ను ఎవరూ ఇవ్వరు. పిన్ గుర్తుంచుకో చాలు" అన్నాడు.

ఈ-బిజినెస్ రిజిస్టర్‌లో కార్డు పెట్టి లాగిన్ అయ్యాం. కంపెనీ పేరు కొట్టగానే అలాంటి పేరు ఇంకెవరికైనా ఉందేమో అదే వెతికి చెప్పింది. వ్యాపారం ఏమిటో జాబితాలోంచి కోడ్ ఎంచుకోవాలి. నియమావళి సిద్ధంగా ఉంటుంది, మార్పులుంటే చేసుకోవచ్చు. మూలధనం దగ్గర ఆగాం. ఒకప్పుడు కనీసం 2,500 యూరోలు చూపాల్సి వచ్చేది. 2023 ఫిబ్రవరి నుంచి ఆ నిబంధన తీసేశారు. ఒక్క సెంటుతోనూ కంపెనీ పెట్టొచ్చు. కానీ ఒక సెంటు మూలధనం ఉన్న కంపెనీని ఏ క్లయింటు నమ్ముతాడు? నేను 2,500 యూరోలే రాశాను. డైరెక్టరు దేశం బయట ఉంటాడు కాబట్టి, ఎస్టోనియాలో ఒక చిరునామా, ప్రభుత్వ ఉత్తరాలు అందుకునే లైసెన్సున్న ప్రతినిధి సంస్థ తప్పనిసరి. దానికి ఏటా ఖర్చు. చివర్లో 265 యూరోలు కట్టి, అయిదంకెల పిన్ కొట్టాను. పప్పులోకి పోపు ఇంకా పడలేదు.

మర్నాడు టార్టు జిల్లా కోర్టు రిజిస్ట్రేషన్ విభాగం నుంచి ఈమెయిల్ వచ్చింది. కంపెనీ నమోదైంది, నంబరు ఇదీ అని.

బ్యాంకులో ఈ వేగం కనిపించలేదు. కాఫీ ఇచ్చారు, మర్యాదగా మాట్లాడారు, గంటసేపు ప్రశ్నలడిగారు. మీ క్లయింట్లు ఎవరు, ఎస్టోనియాలో ఉద్యోగులున్నారా, ఇక్కడ ఎవరితో వ్యాపారం, డబ్బు ఏ దేశం నుంచి ఏ దేశానికి వెళుతుంది? ఫిన్‌లాండ్ నుంచి వచ్చి హైదరాబాద్ పోతుందని చెప్పాను. అక్కడి అధికారిణి రాసుకుంటూ, "మరి ఎస్టోనియాతో సంబంధం?" అంది. కార్డు చూపించాను. "అది సంతకానికి" అని చిన్నగా నవ్వింది. కొద్ది రోజులకు ఖాతా ఇవ్వలేమని జవాబొచ్చింది.

దీని వెనక కథ ఉంది. డాన్స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ ద్వారా 2007 నుంచి 2015 వరకు దాదాపు 20,000 కోట్ల యూరోలు చేతులు మారాయని, అందులో చాలా భాగం అనుమానాస్పదమని 2018లో బయటపడింది. ఆ దెబ్బతో అక్కడి బ్యాంకులు విదేశీయుల ఖాతా అంటే వందసార్లు ఆలోచిస్తున్నాయి. ప్రభుత్వం ఇచ్చిన కార్డు చూసి బ్యాంకు తలుపు తీయాలన్న రూలేమీ లేదు. చివరికి యూరప్‌లో లైసెన్సున్న ఒక ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థలో ఖాతా దొరికింది. చిన్న కంపెనీలు చాలావరకు నడుస్తున్నది ఈ దారినే.

అసలు పరీక్ష హైదరాబాద్ తిరిగొచ్చాక. మూలధనం పంపాలంటే 2022 నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం మన బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ నింపి, రిజర్వ్ బ్యాంకు నుంచి ఒక గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. అది వచ్చాకే డబ్బు కదలాలి. వ్యక్తికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలోనే ఇదీ లెక్కకొస్తుంది. మా బ్రాంచిలో అధికారి రిజిస్టర్ పత్రం అడిగారు. ఎస్టోనియా వాళ్ల డిజిటల్ సంతకమున్న ఫైలు పంపాను. ఆయన కంప్యూటర్‌లో అది తెరుచుకోలేదు. పీడీఎఫ్ ప్రింటు తీసి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "స్టాంపేదండీ? గుండ్రటి సీలు ఉండాలి కదా" అన్నారు. ఆ దేశంలో సీలు వేయరని ఎంత చెప్పినా ఆడిట్‌లో అడుగుతారన్నది ఆయన బాధ. టాలిన్ నోటరీ దగ్గర ధ్రువీకరించిన కాగితం తీసుకుని, దాని మీద విదేశాల్లో చెల్లేలా అపోస్టిల్ ముద్ర వేయించి, కొరియర్లో తెప్పించాక ఫైలు కదిలింది.

పన్ను గురించి మన కుర్రాళ్లలో చాలా అపోహలున్నాయి. ఎస్టోనియాలో లాభాన్ని కంపెనీలోనే ఉంచితే పన్ను లేదన్నది నిజమే. డివిడెండుగా తీస్తే, 2025 నుంచి, చేతికొచ్చే ప్రతి 78 యూరోలకు 22 యూరోల పన్ను. అమ్మకాలు ఏడాదికి 40,000 యూరోలు దాటితే వ్యాట్ నమోదు తప్పనిసరి. పైసా వ్యాపారం చేయకపోయినా ఏటా లెక్కల నివేదిక దాఖలు చేయాలి. కానీ పని హైదరాబాద్‌లో జరిగితే ఆ లాభంలో మన ఆదాయపు పన్ను శాఖకూ వాటా ఉంటుంది. మన రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టికలో ఈ వాటాలు చూపాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. రిజర్వ్ బ్యాంకుకు ప్రతి డిసెంబర్ 31 లోగా కంపెనీ పనితీరు నివేదిక వేరు.

ఇంతకీ లాభమా అంటే, నా మటుకు లాభమే. హెల్సింకీ క్లయింటు ఇప్పుడు బిల్లు అందిన వారంలోపే చెల్లిస్తున్నాడు. జర్మనీలో కొత్త పనులూ వచ్చాయి. అయితే యూరప్ నుంచి నిలకడగా బిల్లులొచ్చే వాళ్లకే ఇది గిట్టుబాటు. ఏటా ప్రతినిధి సంస్థకు, రెండు దేశాల్లో అకౌంటెంట్లకు కట్టేది తక్కువేం కాదు. పన్ను తప్పించుకోవడానికో, వీసా దొరుకుతుందనో అయితే ఆ ఊసే ఎత్తకండి. వెళ్లదలిస్తే ముందు మీ సీఏ గారిని, తర్వాత మీ బ్యాంకును కలవండి. ఆ ఇద్దరూ సరేనన్నాక టికెట్ కొనండి.