పొయ్యి మీద టీవీ

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాడికి గృహప్రవేశం రోజున పాలు పొంగగానే ఎదురయ్యే ప్రశ్న, "టీవీ ఎక్కడ పెడుతున్నారు?" తూర్పు ముఖం ఇల్లు దొరికేదాకా నెలల తరబడి ఆగినవాళ్ళం కూడా ఈ విషయంలో మాత్రం పెద్దగా ఆలోచించం. హాల్లో ఫైర్‌ప్లేస్ ఉంటుంది, దాని పైన ఖాళీ గోడ ఉంటుంది. చాలాసార్లు బిల్డరే అక్కడొక ప్లగ్ పాయింటు పెట్టి ఇస్తాడు. ఆ గోడకి ఎంత పెద్దది పడితే అంత పెద్ద టీవీ తగిలించేస్తాం. డాలస్‌కి ఉత్తరాన మా ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల నేను భోజనానికి వెళ్ళిన ఇళ్ళలో చాలావాటిలో ఇదే వరస. టీవీ పొయ్యి మీద, అతిథులు సోఫాలో మెడలు పైకెత్తుకుని.

మా ఇంట్లో అలా పెట్టలేదు. దానికి కారణం మా నాన్న.

అమ్మా నాన్నా ఏడాది విడిచి ఏడాది వస్తారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళని ఇక్కడ మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. మేం ఆఫీసులకీ పిల్లలు బడికీ పోతే, కారు లేనిదే కాలు బయటపెట్టలేని ఈ ఊళ్ళో ఆ ఇద్దరికీ మిగిలేది నాలుగు గోడలూ ఒక తెరా. మేం రాత్రిపూట ఒక గంట చూస్తే గొప్ప. వాళ్ళు పొద్దంతా చూస్తారు. అలాంటప్పుడు ఆ టీవీ ఎవరి మెడకి, ఎవరి కళ్ళకి, ఎవరి చెవులకి సరిపోవాలి? ఈ ప్రశ్న ముందు పెట్టుకుంటే దుకాణంలో పుట్టే అనుమానాలు సగం వాటంతటవే తీరిపోతాయి.

ముందు ఏ రకం తెర అన్నది. షాపులో అందరి చూపూ ఓఎల్‌ఈడీ మీదే. అందులో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది, ఆరుతుంది. అందుకే నలుపు కటిక నలుపుగా కనిపిస్తుంది. మామూలు ఎల్‌ఈడీ టీవీ అంటే ఎల్‌సీడీ తెర, దాని వెనక దీపాలు. చీకటి సన్నివేశంలోనూ కాస్త వెలుగు ముందుకి కారుతుంది. క్యూఎల్‌ఈడీ పేరు విని చాలామంది అది కూడా ఓఎల్‌ఈడీ జాతే అనుకుంటారు గానీ సాధారణంగా ఆ పేరుతో అమ్మేది ఎల్‌సీడీయే, రంగుల కోసం క్వాంటమ్ డాట్ల పొర వేస్తారు. మినీ ఎల్‌ఈడీలో ఆ వెనక దీపాలే మరీ చిన్నవిగా, చాలా ఎక్కువగా ఉంటాయి. చీకటి ఉన్న మేర టీవీ వాటిని మసకబారుస్తుంది.

సినిమా పిచ్చి ఉన్నవాడిగా నా మనసు ఓఎల్‌ఈడీ మీదే. కానీ నాన్న ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో కాఫీతోపాటే తెలుగు న్యూస్ ఛానల్ మొదలవుతుంది. ఆ తెర ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక మూల లోగో, ఇంకో మూల టైము, కింద ఎర్ర పట్టీ, దాని కింద పసుపు పట్టీ, పక్కన నిలువునా బ్రేకింగ్, ఇవన్నీ పోగా మిగిలిన జాగాలో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటారు. ఓఎల్‌ఈడీ చుక్కలు సేంద్రియ పదార్థంతో చేసినవి, వాడేకొద్దీ అరుగుతాయి. ఒకే చోట ఒకే బొమ్మ రోజూ గంటల తరబడి వెలిగితే ఆ చుక్కలు మిగతావాటికంటే ముందే నీరసించి, లోగో నీడ తెరమీద ఉండిపోయే ప్రమాదం ఉంది. బొమ్మని కంటికి తెలియకుండా అటూ ఇటూ జరపడం, లోగోల దగ్గర వెలుగు తగ్గించడం లాంటి జాగ్రత్తలు తయారీదార్లు పెట్టారు, కాదనను. వాటిని పెట్టినవాళ్ళెవరూ మన వార్తా ఛానళ్ళని చూసి ఉండరని మాత్రం నా గట్టి అనుమానం. ధర కూడా అదే సైజు మామూలు ఎల్‌ఈడీకి రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి. మినీ ఎల్‌ఈడీకే ఓటు వేశాం. ఇక 8కె అంటారా, అందులో చూడడానికి ఇంతవరకు చెప్పుకోదగ్గదేమీ లేదు.

సైజు దగ్గర మా అబ్బాయి 85 అని పట్టుబట్టాడు. టీవీ అంగుళాలు మూల నుంచి మూలకి కొలిచేవి కాబట్టి 65కీ 85కీ తేడా ఇరవయ్యే కదా అనిపిస్తుంది. వైశాల్యం లెక్క వేస్తే 70 శాతం పెరుగుతుంది. సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఎంపీటీఈ లెక్క ప్రకారం తెర మన చూపులో 30 డిగ్రీల మేర ఉండాలి. అంటే సైజుకి దాదాపు 1.6 రెట్ల దూరంలో కూర్చోవాలి. 75 అంగుళాలకి పది అడుగులన్నమాట. మా సోఫా ఉన్నది ఇంచుమించు అక్కడే. ఇంకో సంగతి కూడా చూశాను. అమ్మ చూసేవి ఎక్కువగా పాత సినిమాలు. అరిగిపోయిన ప్రింట్ల నుంచి ఎవరెవరో యూట్యూబులో ఎక్కించినవి. తెర పెరిగేకొద్దీ వాటి అవకరాలూ పెరుగుతాయి. 75 దగ్గర ఆగాం. నాన్న మొదటిసారి కొన్న టీవీ హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ, నలుపు తెలుపు. శుక్రవారం చిత్రలహరికి వీధిలో సగం మంది దాని ముందే కూర్చునేవారు. ఆయన ఈ అట్టపెట్టె చూసి, "ఇప్పుడు చూసేది ఇద్దరం. తెర మాత్రం గోడంత తెచ్చావు" అన్నారు.

ధర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బోర్డు మీద రాసిన ధరకి ఇక్కడ 8.25 శాతం అమ్మకం పన్ను కలుపుకోండి. బ్లాక్ ఫ్రైడేకి మరీ చవగ్గా పెట్టే టీవీల్లో కొన్ని ఆ సేల్ కోసమే తయారైనవి, వసతులు కోసేసి ఉంటాయి. నన్నడిగితే అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌కి ముందు, జనవరిలో కొనడం మేలు. ఆ నెలలోనే లాస్ వెగాస్ సీఈఎస్ ప్రదర్శనలో కొత్త మోడళ్ళు ప్రకటిస్తారు, పాతవి గోడౌన్లు ఖాళీ చేయడానికి తగ్గించి అమ్ముతారు.

ఇక గోడ. మన ఊళ్ళో గోడంటే ఇటుకా సిమెంటూ. కంపెనీ మనిషి వచ్చి, డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు వేసి, ప్లగ్గులు కొట్టి, మరలు బిగించి, టీ తాగి వెళ్ళిపోతాడు. ఇక్కడ గోడంటే అరంగుళం మందం జిప్సం పలక, వెనకంతా డొల్ల. ఆ డొల్లలో సాధారణంగా 16 అంగుళాలకి ఒకటి చొప్పున నిలువు చెక్కలుంటాయి. వాటిని స్టడ్లంటారు. టీవీ బరువు మోయవలసింది అవే. ఉత్త పలకకి బిగిస్తే ఏదో ఒకరోజు గోడముక్కతో సహా ఊడి వస్తుంది. 75 అంగుళాల టీవీ 30 కిలోలకి అటూ ఇటూగా తూగుతుంది; చేయి చాపే రకం మౌంటు పెట్టి ముందుకి లాగితే మరల మీద పడే భారం ఇంకా ఎక్కువ.

స్టడ్ కనిపెట్టే పరికరం ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. అది ఒక్కోసారి పైపు దగ్గరా, కరెంటు తీగ దగ్గరా కూడా కూస్తుంది. నాకు అయస్కాంతం మీదే నమ్మకం. చిన్న అయస్కాంతాన్ని గోడమీద మెల్లగా జరుపుకుంటూ పోతే, పలకని చెక్కకి బిగించిన మర ఉన్నచోట టక్కున అంటుకుంటుంది. దాని పైనా కిందా మరో రెండుచోట్ల అంటుకుందంటే అక్కడ నిలువునా చెక్క ఉన్నట్టే. ఆ గుర్తు మీద సన్న బెజ్జం వేసి చూడండి. బరమా మొనకి చెక్కపొట్టు వస్తే సరైన చోటు; తెల్లపొడి మాత్రమే రాలితే పక్కకి జరగాలి. మౌంటు కొనేముందు టీవీ వెనక మరల బెజ్జాల మధ్య దూరం కూడా చూసుకోవాలి. దీనికి వెసా అని ఒక ప్రమాణం ఉంది, పెద్ద టీవీలకి 400 బై 400 లేదా 600 బై 400 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

ఎత్తు దగ్గరే అసలు గొడవ. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేలకి ఇంచుమించు 42 అంగుళాల ఎత్తులో ఉంటుంది. తెర మధ్యభాగం అక్కడికి రావాలి. 75 అంగుళాల టీవీ ఎత్తు మూడడుగుల చిల్లర కాబట్టి దాని అడుగంచు నేలకి రెండడుగుల్లో ఉంటే చాలు. అదే ఫైర్‌ప్లేస్ మీదయితే అడుగంచే మనిషి భుజం దాకా వస్తుంది, తెర మధ్యభాగం ఆరడుగులు దాటుతుంది. మెడనొప్పికి కాలర్ వేసుకున్న చరిత్ర ఉన్న మనిషిని అలాంటి టీవీ ముందు ఆరు నెలలు కూర్చోబెట్టడం నాకు చేతకాలేదు. పైగా మంట వెలిగిస్తే వేడిగాలి తిన్నగా టీవీకే తగులుతుంది. ఇక్కడ చలిమంట అవసరమయ్యేది ఏడాదిలో కొద్ది రోజులే, ఒప్పుకుంటాను. కానీ 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయినప్పుడు గ్యాస్ ఫైర్‌ప్లేసే చాలామందికి దిక్కయింది. దాన్ని దాని పనికి వదిలేయడం మంచిది.

పెట్టెని పడుకోబెట్టి తేకూడదు, తెర పగలవచ్చు. నిలబెట్టి కట్టి తెచ్చింది పక్కింటి పెద్దాయన, తన పికప్ ట్రక్కులో. పక్కగోడ చూపించేసరికి, "ఫైర్‌ప్లేస్ ఉండగా ఇక్కడెందుకు?" అని తెల్లబోయాడు. నేను నాన్నని చూపించి నా మెడ పట్టుకుని సైగ చేశాను. ఆయనా మెడ పట్టుకునే నవ్వి, ఇంటికెళ్ళి రసమట్టం తెచ్చాడు. ఆ మధ్యాహ్నం బుడగ మధ్యకి వచ్చేదాకా ఇద్దరు ముసలివాళ్ళూ చెరో భాషలో నాకు ఆజ్ఞలు ఇస్తూనే ఉన్నారు.

తీగలు కనపడకుండా గోడలోకి దూర్చేయడం చూడ్డానికి బాగుంటుంది గానీ, టీవీతో వచ్చే కరెంటు తీగని గోడలోపల నడపడం అమెరికా విద్యుత్ కోడ్ ఒప్పుకోదు. దానికోసమే అమ్మే కిట్ వాడాలి, లేదా ఎలక్ట్రీషియన్ చేత టీవీ వెనకే పాయింటు పెట్టించుకోవాలి.

టీవీ వెలిగాక మొదట చేయవలసిన పని సెట్టింగుల్లోకి వెళ్ళడం. షాపు దీపాల కింద మెరవడానికి పెట్టిన వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ గానీ, ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టాలి. నేనదే చేశాను. నాన్న చూసి, "పచ్చకామెర్లు వచ్చినట్టుందేమిట్రా బొమ్మ?" అన్నారు. నీలిరంగుకి అలవాటుపడిన కంటికి సహజమైన తెలుపు అలాగే కనిపిస్తుంది, కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. సర్దుకుంది కూడా. మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయాలి. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాకి మధ్యలో లేని ఫ్రేములు తనే కల్పించి, భారీ యుద్ధఘట్టాన్ని కూడా సీరియల్ షూటింగులా చూపించే వసతి అది. టామ్ క్రూజ్ 2018లో పనిగట్టుకుని ఒక వీడియో చేసి మరీ దాన్ని ఆపుకోమని ప్రేక్షకులకి చెప్పాడు.

క్రికెట్ సంగతి వేరు, ఇది ప్రవాసులకే తెలిసే బాధ. ఇండియాలో టీవీ ప్రసారం సెకనుకి 50 బొమ్మల లెక్కన, అమెరికాలో 60 లెక్కన నడుస్తుంది. అక్కడి ప్రసారాన్ని ఇక్కడి స్ట్రీమింగ్ పెట్టె 60లోకి సర్దేటప్పుడు బంతి అక్కడక్కడా కుదుపుతో వెళ్తుంది. ఐపీఎల్ రాత్రి ఏడున్నర మ్యాచ్ మాకు పొద్దున్న తొమ్మిదికి మొదలవుతుంది, నాన్న సరిగ్గా దానికే టిఫిన్ ముగిస్తారు. ఆపిల్ టీవీ లాంటి కొన్ని పెట్టెల్లో ఫ్రేమ్ రేటుని ప్రసారానికి తగ్గట్టు మార్చుకోమనే సెట్టింగు ఉంది. అది నొక్కితే చాలావరకు నయం.

శబ్దానికి వస్తే, సన్నని టీవీల స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మన సినిమాల్లో నేపథ్య సంగీతం మాటల్ని మింగేస్తుంది. మాట వినపడదని నాన్న పెంచుతారు, వెంటనే ఫైటు వస్తుంది, ఇల్లు అదురుతుంది. 5.1 మిక్సింగులో మాటలు ప్రధానంగా ఉండేది మధ్య స్పీకరులో. అందుకే మధ్య స్పీకరు విడిగా ఉన్న సౌండ్‌బార్ ఒకటి తెచ్చి ఈఆర్క్ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐలో పెట్టాను. టీవీలో మిగిలిన డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టమంటాను.

"ఛానల్ నంబర్లు ఉండవురా దీనికి?" అన్నది నాన్న ఇంకా వదలని ప్రశ్న. రిమోట్ మీద పెద్ద కంపెనీల బొత్తాలే తప్ప మన యాప్‌కి బొత్తాం లేదు. తెలుగు యాప్‌లని మొదటి వరసలోకి జరిపి, మిగతావన్నీ కిందికి తోసేశాను. అమ్మ ఇప్పుడు ఎవరినీ అడగకుండా తన సినిమా తను పెట్టుకుంటుంది.

ఇంకొకటి. స్మార్ట్ టీవీలు మీరేం చూస్తున్నారో కూడా గమనిస్తాయి. చూసేవాళ్ళకి చెప్పకుండా ఆ సమాచారం పోగేసినందుకు 2017లో విజియో కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టింది. సెట్టింగుల్లో వ్యూయింగ్ డేటా లాంటి పేరుతో ఆ వసతి ఉంటుంది, వెతికి ఆపేయండి. టీవీ ఎక్కడ కొన్నా వాపసు గడువు కూడా ముందే అడగండి. కాస్ట్‌కోలో అది 90 రోజులు. అట్టపెట్టెనీ లోపలి థర్మోకోల్‌నీ అప్పటిదాకా గరాజులో ఉంచండి, పారేయకండి.