చెమట పట్టని కుర్రాళ్లు

ఆ జట్టులో 18 మంది ఉన్నారు. ఒక్కరికీ చెమట పట్టదు, మోకాలి నొప్పి రాదు, అమ్మ మీద బెంగ ఉండదు. అయినా వారం తిరిగేసరికి ఒకడి బౌలింగ్‌లో పదును పెరుగుతుంది. ఇంకొకడికి వయసు మీద పడి బ్యాటు బరువెక్కుతుంది. వీళ్లందరికీ యజమాని, మేనేజరు, కోచ్ ఒక్కడే. వాడికి 14 ఏళ్లు. ఉండేది నల్గొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో, మాడుగులపల్లిలో. వరుసకు నాకు మేనల్లుడు.

క్రికెట్ గేమ్ అనగానే ఫోన్ మీద వేళ్లతో సిక్సర్లు బాదేది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఇందులో బాదడం ఉండదు. మ్యాచ్ మొదలయ్యాక మేనేజరు చేయగలిగింది చాలా తక్కువ. జట్టును ఎంపిక చేసి, ఎవరు ఎప్పుడు బౌలింగ్ చేయాలో చెప్పి, చేతులు కట్టుకు కూర్చోవాలి. గెలుపోటములు చాలావరకు అంతకుముందు వారాల్లో, నెలల్లో ఇచ్చిన శిక్షణలోనే తేలిపోయి ఉంటాయి. పెళ్లిలో వంట లాంటిదన్నమాట. వడ్డించేటప్పుడు ఎంత హడావుడి పడ్డా పప్పులో ఉప్పు ముందే పడి ఉండాలి!

ఈ తరహా ఆటలకు మూలం మన దగ్గర లేదు. 1997లో స్వీడన్‌లో హ్యాట్రిక్ అనే ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్ మొదలైంది. కంప్యూటర్లో బొమ్మలేవీ పరుగెత్తకుండానే అంకెలు, ఓపిక పెట్టుబడిగా లక్షల మందిని ఆడించింది. ఆ నమూనా తర్వాత క్రికెట్‌కూ వచ్చింది. మనకు దగ్గరి ముచ్చట ఏమిటంటే, ఈ కోవలో పేరు తెచ్చుకున్న హిట్‌వికెట్ పుట్టింది హైదరాబాద్‌లోనే. కశ్యప్ రెడ్డి, కీర్తి సింగ్ దాని వ్యవస్థాపకులు. 2020లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీలో ఆటల విభాగంలో విజేతగా నిలిచింది కూడా.

మావాడు ఆడే ఆట ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పేర్లు, రంగులు వేరైనా వీటి నడక ఇంచుమించు ఒకటే. మొన్న సంక్రాంతికి అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు వాడు నాకు రెండు సాయంత్రాలు పాఠం చెప్పాడు. పాత లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో ఆటగాళ్ల వయసులు, నైపుణ్యాలు, జీతాలు గళ్లు గీసి రాసుకున్నాడు. బడి లెక్కలు రాసిన ముందు పేజీలకంటే వెనక పేజీలే నీటుగా ఉన్నాయి. అక్కకు అదే మంట.

‘మామా, గీడ సూడు. గీనికి 17 ఏండ్లు. గాయనకు 27. ఇద్దర్ల ఎవర్ని కొంటవ్?’ అన్నాడు.

27 ఏళ్లవాడి అంకెలు బాగున్నాయి. వాణ్నే అన్నాను. మావాడు పంతులుగారిలా తల అడ్డంగా ఊపాడు.

వాడు చెప్పిన మొదటి సూత్రం వయసు. ఒకే శిక్షణ ఇచ్చినా కుర్రాడు తొందరగా ఎదుగుతాడు. వాడి నోటుపుస్తకం ప్రకారం 17 ఏళ్లవాడు మూడు వారాల్లో ఎక్కే మెట్టు, 27 ఏళ్లవాడు ఎక్కడానికి ఏడెనిమిది వారాలు పడుతోంది. పైగా పెద్దవాడికి జీతం ఎక్కువ, రేపు అమ్మబోతే ధర తక్కువ. ఈ వారం మ్యాచ్ గెలవాలంటే 27. వచ్చే ఏడాది లీగ్ గెలవాలంటే 17. చాలామంది ఈ వారం మ్యాచ్ దగ్గరే ఆగిపోతారట.

రెండోది, అన్నీ నేర్పించాలన్న ఆశ. బ్యాటింగ్, బౌలింగ్, కీపింగ్, ఫీల్డింగ్, స్టామినా... ఇన్ని గళ్లు కళ్లముందు కనబడుతుంటే ఒక్కోవారం ఒక్కోటి నేర్పిద్దామనిపిస్తుంది. అలా చేస్తే ఆర్నెల్ల తర్వాత అన్నీ కొంచెం కొంచెం వచ్చి, ఏదీ పూర్తిగా రానివాడు తయారవుతాడు. అలాంటివాడు జట్టులో ఎక్కడా ఇమడడు. ముందు ఒక ప్రధాన విద్య. బౌలరైతే బౌలింగ్. అందులో గట్టి మెట్టు చేరాక స్టామినా. ఎందుకంటే స్టామినా లేని బౌలర్ మొదటి ఓవర్లలో పులిలా ఉండి, చివరి ఓవర్లకు పిల్లి అవుతాడు. ఫీల్డింగ్ ఆ తర్వాత. మరి ఆల్‌రౌండర్లు ఎలా వస్తారంటే, ఒకటి పండాక రెండోది మొదలుపెడితే వస్తారు. రెండూ ఒకేసారి మొదలుపెడితే రారు.

మూడోది నాకు బాగా నచ్చింది. తెర మీద మనకు కనబడే మెట్టు పూర్ణాంకం. దాని వెనక కనబడని భిన్నం ఒకటి ఉంటుంది. ఆరో మెట్టు మీద ఉన్న కుర్రాడు నిజానికి ఆరూ పాయింట్ ఒకటి కావచ్చు, ఆరూ పాయింట్ తొమ్మిది కావచ్చు. నాలుగు వారాలైనా అంకె మారలేదని విసిగిపోయి, శిక్షణ మార్చేసేవాళ్లు, కుర్రాణ్ని అమ్మేసేవాళ్లు ఎందరో. కొన్నవాడి దగ్గర వారం తిరక్కుండానే వాడు మెట్టెక్కుతాడు. మావాడికి జట్టులో అందరికంటే మంచి లెగ్ స్పిన్నర్ అలా దొరికినవాడే. ఎవరో విసిగి అమ్మేశారు. ఎన్ని వారాలు ఒకే మెట్టు మీద ఉన్నాడో పాత రికార్డు చూసి, ‘గీడు నేడో రేపో ఎక్కుతడు’ అని లెక్కగట్టి కొన్నాడట.

పై మెట్లకు పోయేకొద్దీ ఒక్కో మెట్టూ బరువే. అందుకని ఉన్న కొద్ది శిక్షణ స్థానాలను స్టార్ ఆటగాడి మీద ఖర్చుపెట్టకూడదు. ఇక స్నేహపూర్వక మ్యాచ్‌లు వస్తే పెద్దవాళ్లను కూర్చోబెట్టి కుర్రాళ్లను ఆడించాలి. శిక్షణతో వచ్చేది నైపుణ్యం. అనుభవం మాత్రం మైదానంలోకి దిగితేనే వస్తుంది, అది అంకెల మైదానమైనా సరే.

మా బావ ఇదంతా మంచం మీద పడుకుని వింటున్నాడు. వాళ్లది సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలం. యాసంగి నాట్ల రోజులు. పొద్దున్నుంచి బురదలో ఉండొచ్చాడు. క్రికెట్ పెద్దగా పట్టదు. ఉన్నట్టుండి లేచి కూర్చుని, ‘గిది మన నారుమడే కదరా’ అన్నాడు.

‘ఇరవై అయిదు దినాల నారు పెడితే మంచిగ పిలకలేస్తది. ముదిరిన నారు పెడితే ఎంత యూరియా జల్లినా గంతే. చలికి ఎర్రబడి ఎదగకపోతే పీకి పారేస్తమా? వారం పదిదినాలు ఓపిక పడ్తం. తెల్లారి ఎండ పడితే అదే లేస్తది.’

కొడుకు తండ్రి వైపు కొత్తగా చూశాడు. మూడు సీజన్లు ఆడి నేర్చుకున్నది నాన్నకు ముందే తెలుసా అన్నట్టు. నాకైతే ఆ నిమిషం ముచ్చటేసింది. ఆ ఇంట్లో ఆ ఫోన్ గురించి గొడవ లేకుండా మాట జరగడం అదే మొదటిసారని అక్క తర్వాత చెప్పింది.

గొడవకు కారణం లేకపోలేదు. ఆట ఉచితమే. కానీ ఓపిక పట్టలేనివాళ్ల కోసం పక్కనే దుకాణం తెరిచి ఉంటుంది. రూపాయలు కడితే శిక్షణ వేగం పెరుగుతుంది, మంచి ఆటగాళ్ల ప్యాకెట్ చేతికొస్తుంది. దసరా సెలవుల్లో వాళ్లమ్మ ఫోన్ నుంచి 159 రూపాయలు పోయాయి. పెద్ద మొత్తం కాదు. కానీ చెప్పకుండా పోయాయి. అప్పటినుంచి అక్క దృష్టిలో ఇదీ పేకాటే, రమ్మీనే. పందెం కట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతా ఆపింది. ఇది ఆ కోవలోకి రాదు, గెలిస్తే డబ్బు రాదు, పందెం లేదు అని నేను చెప్పాను. ‘పోయేటియి మాత్రం పోతయి గద తమ్మీ’ అంది అక్క. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజమే మరి.

అయితే అసలు సంగతి ఆ 159 రూపాయలు కాదు. మావాడు ఫోన్లో జట్టు నడపడమే కాదు, నిజంగానూ ఆడతాడు. ఆఫ్ స్పిన్. కోతలైన మడిలో టెన్నిస్ బంతితో. హైదరాబాద్ వెళ్లి అకాడమీలో చేరతానని ఏడాదిగా అడుగుతున్నాడు. వాడి వాదనకు ఆధారం వాడి ఆటే. ‘17 వచ్చినంక మొదలువెడితే లేటయితది మామా. నాకు ఇప్పుడే 14.’

వాడు నేర్చుకున్న సూత్రం వాడి మీదే వాడుకుంటున్నాడు. ఒక విధంగా కాదనలేం. గొంగడి త్రిషను చూడండి. ఆమె చిన్నతనంలోనే శిక్షణ కోసం తండ్రి రామిరెడ్డి కుటుంబాన్ని భద్రాచలం నుంచి సికింద్రాబాద్‌కు తరలించారు. 2025 జనవరిలో కౌలాలంపూర్‌లో స్కాట్లాండ్ మీద 110 నాటౌట్. అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో అదే తొలి సెంచరీ. ఆ టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కోసం తండ్రి ముత్యాలరెడ్డి హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్నారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో కొడుకు సెంచరీ కొడితే స్టాండ్స్‌లో ఆయన కళ్లనీళ్లు పెట్టుకోవడం దేశమంతా చూసింది.

కానీ మన హైదరాబాదే ఇంకో ఉదాహరణ కూడా ఇచ్చింది. మహ్మద్ సిరాజ్. ఆటో నడిపే తండ్రి కొడుకు. 20 ఏళ్లు దాటేదాకా గల్లీల్లో టెన్నిస్ బంతితోనే ఎక్కువగా ఆడాడు. 2015లో రంజీలోకి వచ్చాడు. ఆ మరుసటి సీజన్లోనే 41 వికెట్లు. 2023 ఆసియాకప్ ఫైనల్లో శ్రీలంక మీద 21 పరుగులకు ఆరు వికెట్లు. మావాడి నోటుపుస్తకం పద్ధతిలో లెక్కేస్తే 20 ఏళ్ల సిరాజ్‌ను ఏ మేనేజరూ కొనడు. వయసు మించిపోయింది, తోలు బంతి అలవాటు లేదు, వదిలెయ్! ఈ మాట వాడితో అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మా గేమ్‌ల గట్లాంటోడు ఉండడు మామా’ అన్నాడు.

ఇంకో సంగతి ఉంది. అది వాడితో అనలేదు, బావతో అన్నాను. ఆటలో ఎదగని కుర్రాణ్ని వదిలేయడానికి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే పేరు మాయమవుతుంది. మరుసటి వారం ఇంకొకడు వస్తాడు. అకాడమీల నుంచి తిరిగొచ్చిన నిజం పిల్లలు మాత్రం మాయం కారు. చదువు మధ్యలో ఆగి, ఆట మధ్యలో ఆగి, ఊళ్లోకే వస్తారు. క్రీడల డెస్కులో పనిచేసిన రెండేళ్లలో సెలక్షన్ ట్రయల్స్ గేటు దగ్గర కిట్ బ్యాగుల మీద కూర్చున్న తండ్రులను చూశాను. లోపలికి వెళ్లినవాళ్లలో జాబితాకెక్కేది ఏ కొద్దిమందో. మిగతా పిల్లల కనబడని భిన్నం ఎంతో చెప్పే యంత్రం ఎవరి దగ్గరా లేదు. ఆరూ పాయింట్ ఒకటా, ఆరూ పాయింట్ తొమ్మిదా?

బావ చాలాసేపు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. ‘నువ్వు పేపరోనివి గద బామ్మర్దీ, మరి మావోనిదెంతో జెప్పు’ అన్నాడు. సగం నవ్వుతూనే అన్నాడు. మిగతా సగం నవ్వు కాదు.

మర్నాడు పొద్దున మడిలో వాడి బౌలింగ్‌కు నేను బ్యాటు పట్టాను. పది బంతుల్లో నాలుగు తగల్లేదు. కానీ నా వయసు 36, పొట్ట కొంచెం ముందుకుంది. నన్ను బీట్ చేయడం కొలమానం కాదు. బావ గట్టు మీద కూర్చుని పది బంతులూ చూశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తేలిందేమిటంటే, పదో తరగతి అయ్యేదాకా హైదరాబాద్ మాట లేదు. ఈ వేసవిలో మాత్రం మిర్యాలగూడలోనో నల్గొండలోనో శిబిరం ఏదైనా పెడితే రోజూ పొద్దున బావే బండి మీద దింపుతాడు. తోలు బంతితో ఆడించాలి, అదొక్కటే మావాడి షరతు. ఫోన్ ఆదివారం, పైగా శిక్షణ ఫలితాలు వచ్చే రోజు సాయంత్రం ఒక గంట. ఆ గంట కోసం అక్కతో పావుగంట బేరం నడిచింది. దుకాణం బటన్ జోలికి పోకూడదు. శిబిరం ఫీజు ఎంతో కనుక్కునే పని నాకప్పగించారు. కనుక్కుంటున్నాను.