అడ్వాన్స్ కట్టకముందు ఒక్కమాట

అక్కా, జర ఆగు. పొద్దుగాల మీ గేటు కాడ బండి ఆపిన పిల్లగాడు, మెడల ఐడీ కార్డు, సంకల బ్రోచర్ల కట్ట, ఆయన కాలేజీ పీఆర్వోనే గదా? మా ఇంటికి గూడ వచ్చిండు. మా బిడ్డ పది దాటి ఇంటర్ల ఉన్నదని చెప్తే, "గల్లీల ఇంకెవరన్న టెన్తోళ్లు ఉన్నరా ఆంటీ?" అని అడిగిండు. నేనైతే మీ ఇల్లు చూపియ్యలే. ఆయన కాడ మీ నంబర్ ముందుగాలనే ఉన్నట్టుంది.

సంక్రాంతి పోయిందంటే చాలు, మన మేడ్చల్ల, శామీర్‌పేటల పదో తరగతి పిల్లలున్న ఇండ్లకు ఫోన్లు షురూ. "ఇయ్యాల ఓ ఐదు వేలు కడితే సీటు మీదే, ఫీజుల తగ్గింపు ఇస్తం, రేపైతే ఈ రేటు ఉండదు" అంటరు. పిల్లగాడు ఇంక పరీక్షే రాయలే. మార్చిల పరీక్షలాయె, గీ జనవరిల సీటేందక్కా? ఇంటర్ బోర్డు అడ్మిషన్ల షెడ్యూల్ ఇచ్చేదాకా ఏ కాలేజీ గూడ పిల్లల్ని చేర్చుకోవద్దు. ఈ మాట బోర్డే ఏటేటా పేపర్లకు చెప్తది. నువ్వు కట్టే అడ్వాన్స్ కాలేజోళ్లకు పనికొస్తది, నీ పిల్లగానికి కాదు. రేపు వాని మనసు మారినా, మార్కులు చూసి నువ్వే ఇంకో దారి చూసుకున్నా, ఆ పైసల కోసం వాళ్ల ఆఫీసు చుట్టు తిరుగుడు నీ పనే అయితది.

ఇంకొకటి. బిల్డింగ్ మీద పెద్ద పేరు ఉంటది, హాల్‌టికెట్ మీద ఇంకో పేరు వస్తది. అందుకే చేర్చేముందు కాలేజీ కోడ్ అడుగు. గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా బోర్డు తన వెబ్‌సైట్ల పెడ్తది. జాబితాల లేని కాలేజీల రెండేండ్లు చదివినంక పరీక్ష ఫీజు కట్టేకాడ పిల్లలు ఏడ్సుకుంట నిలబడ్డ కథలు మనం ఎన్ని వినలే?

అసలు సంగతి అది గాదు. మొన్న మీ చిన్నోణ్ని మెట్ల మీద కూసోబెట్టి అడిగిన, "ఏం చదువుతవ్‌రా ఇంటర్ల?" అని. "ఎంపీసీ" అన్నడు. "ఎందుకు?" అన్న. "నాన్న అన్నడు" అన్నడు. "నీకేమనిపిస్తది?" అంటే చేతిల గోరు గిల్లుకుంట కూసున్నడు. కొద్దిసేపాగి, సోషల్ల తనకు మస్తు మార్కులొస్తయనీ, బడిల డిబేట్ పెడ్తే సారు తన్నే లేపుతడనీ చెప్పిండు. చెప్తుంటె వాని మొఖం వేరే ఉండె అక్కా. ఈ మాట మీ ఇంట్ల ఎవరికన్న తెలుసా?

డిబేట్ చేసే పోరనికి మన ఊర్ల దారి లేదనుకోకు. శామీర్‌పేటల నల్సార్ ఉన్నది గదా, న్యాయశాస్త్రం విశ్వవిద్యాలయం. 1998ల పెట్టిన్రు. దేశం మొత్తం మీద లాయర్లు గావాలనుకునే పిల్లలు అందుల సీటు కోసం కొట్లాడ్తరు. ఆ బోర్డు ముంగటికెల్లి మనం రోజు ఆటోల పోతం గని, అదేందో మన పిల్లలకు ఒక్కనాడు చెప్పలే. అందులకు పోవాలంటె క్లాట్ అనే పరీక్ష రాయాలె. దానికి ఎంపీసీనే ఉండాలని లేదు, ఇంటర్ల ఏ గ్రూపైనా సరే. ఓసీ, బీసీ పిల్లలకైతే 45 శాతం మార్కులు ఉంటె చాలు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 40. పరీక్షల 120 ప్రశ్నలు, రెండు గంటలు. ఇంగ్లీషు, లోక విషయాలు, చట్టం గురించిన తర్కం, మామూలు తర్కం, కొద్దిగ పదో తరగతి లెక్కలు. సీటు సులువుగ రాదు, ఆ మాట నేను దాస్త లేను. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునుడు బాగ రావాలె. కని రోజు పేపర్ చదివే అలవాటు ఇప్పటి నుంచి పెడితే రెండేండ్లు చేతిల ఉంటయి. అది రాకున్నా, మన రాష్ట్రపు లాసెట్ రాసి ఐదేండ్ల లా కోర్సుల చేరొచ్చు. "ఏం రానోళ్లు సీఈసీ, హెచ్ఈసీ తీసుకుంటరు" అనే మాట మన గల్లీల ఎవరు పుట్టించిన్రో గని, దానితోని ఎంతమంది పిల్లల కాళ్లు విరిగినయో.

బైపీసీ తీసుకున్న పిల్లల కథ గూడ గంతే. నీట్ రాలేదంటె రెండేండ్లు ఇంట్ల కూసోబెడ్తరు. మన పక్కన తుర్కపల్లి కాడ జీనోమ్ వ్యాలీ ఉన్నది, 1999 నుంచి. కరోనా కాలంల మనం వేసుకున్న కోవాగ్జిన్ టీకా తయారుచేసిన భారత్ బయోటెక్ ఆడనే ఉన్నది. ఆ కంపెనీలల్ల డాక్టర్లే పని చేస్తరా? మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ డిగ్రీ చేసినోళ్లు, ఫార్మసీ చదివినోళ్లు, ల్యాబుల పరీక్షలు చేసేటోళ్లు, మిషన్లు చూసుకునేటోళ్లు, వాళ్ల పని గూడ ఉంటది గద. డీ ఫార్మసీ అయితే ఇంటర్ తర్వాత రెండేండ్లే, ఎంపీసీ చదివినోళ్లకు గూడ ఇస్తరు. ఇంటర్లనే ఒకేషనల్ కింద ఎంఎల్‌టీ ఉన్నది, మెడికల్ ల్యాబ్ పని నేర్పుతరు. తర్వాత ముంగట చదవాలనుకుంటె బ్రిడ్జి కోర్సు రాసుకోవచ్చు. మన దిక్కు నుంచి ఆ కంపెనీలకు పొద్దుగాల బస్సు ఎక్కి పోయేటోళ్లు ఎంతమందో. వాళ్లల్ల ఒకర్ని పిలిచి, "లోపల ఏమేం పనులుంటయి, ఏం చదివితే ఏ పని ఇస్తరు?" అని పిల్లల ముంగట అడిగితే చాలు. బ్రోచర్ కన్న ఆ అరగంట ముచ్చట నయం.

చేతులతోని పని చేసుడు ఇష్టమున్న పిల్లలకు పాలిసెట్ ఉన్నది. పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మీద 120 మార్కుల పరీక్ష. మూడేండ్ల డిప్లొమా అయినంక ఈసెట్ రాసి సీదా బీటెక్ రెండో ఏడుల చేరొచ్చు. బాసర ట్రిపుల్ ఐటీ అయితే పదో తరగతి మార్కుల మీదనే సీటు. ఆరేండ్లు ఆడనే, ఇంటర్ రెండేండ్లు గూడ అందులనే కలిసిపోతయి. సర్కారు బడి పిల్లలకు అందుల కొంచెం మొగ్గు ఇస్తరు. మీ చిన్నోడు జిల్లా పరిషత్ బడిల చదువుతుండు గదా, మర్సిపోకుంట అడుగు.

హాస్టల్ ముచ్చట గూడ చెప్త. మన మేడ్చల్, కొంపల్లి, హకీంపేట దిక్కు ఎన్ని రెసిడెన్షియల్ కాలేజీలో నీకు తెల్వనిది గాదు. కొందరు పిల్లలకు అవి మంచిగనే ఉంటయి. కని ఇల్లు ఇంత దగ్గర పెట్టుకొని పిల్లగాణ్ని లోపల ఎందుకు వెయ్యాలె, ఆలోచించు. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్‌ల షురూ అయింది. ఆడపిల్లలకైతే అదే ఏడు డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెటే లేదు. రోజు ఇంటికొచ్చి అన్నం తిని, నీతోని నాలుగు మాటలు మాట్లాడే పిల్లకు ఉన్న బలం వేరు. హాస్టలే గావాలంటె, పగటిపూట వాళ్లు చూపించే ఏసీ క్లాస్‌రూమ్ చూసి రాకు. రాత్రి ఎనిమిదింటికి పో. మెస్సుల ఏం పెడుతున్నరో చూడు, బాత్రూమ్ తలుపుకు గొళ్లెం ఉన్నదో లేదో చూడు, ఒక్క గదిల ఎంతమంది పండుకుంటరో లెక్కపెట్టు. "మా వాడు నాతోని ఎప్పుడు ఫోన్ల మాట్లాడొచ్చు, పక్కన వార్డెన్ నిలబడకుంట?" అని అడుగు. ఈ ప్రశ్నకు సీదా జవాబు ఇయ్యనోళ్లకు పిల్లగాణ్ని అప్పజెప్పకు.

2019 ఏప్రిల్ నీకు యాదికున్నదా? ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం. 99 మార్కులొచ్చిన పిల్లకు మెమోల సున్నా పడ్డది. పరీక్ష రాసినోళ్లు రాయలేదన్నట్టు వచ్చింది. మన రాష్ట్రంల ఆ రిజల్ట్స్ తర్వాత ఇరవైమందికి దగ్గర దగ్గర పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నరు. తర్వాత సర్కారు ఫెయిలైనోళ్ల పేపర్లన్ని ఫీజు లేకుంట మల్ల చూపించింది. మల్ల చూసుడు అయ్యేదాక ఆ పిల్లలు ఆగలేకపోయిన్రు. అప్పటి నుంచి నా మనసుల ఒక్కటే. రిజల్ట్ వచ్చినంక ధైర్యం చెప్పుడు ఆలస్యం అక్కా, పరీక్షలకు ముందుగాలనే చెప్పాలె. "మార్కుల కాయితం తప్పు గూడ అయితది, రీకౌంటింగ్ ఉంటది, పేపర్ మల్ల చూపించుకోవచ్చు. ఫెయిలైతే జూన్ల అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాస్తవ్, ఏడాది గూడ పోదు. ఏదున్నా ఫస్ట్ నాకు చెప్పు, నేను కొట్ట, తిట్ట." గిట్ల ఇప్పుడే, అన్నం తినేకాడ, మామూలుగ చెప్పు. తండ్రి గూడ చెప్పాలె. తల్లి చెప్పి తండ్రి గుడ్లురిమితే ఆ మాటకు బలం ఉండదు.

పిల్లగాడు సప్పుడు చెయ్యకుంట ఉంటుండు, నిద్ర పడ్తలేదు, అన్నం ముడ్తలేడు, "నేను లేకుంటెనే మంచిగుంటది" అసొంటి మాటలు వస్తున్నయంటె, అది వయసు కోపం అని కొట్టెయ్యకు. పక్కన కూసొని సీదా అడుగు. టెలీమానస్ అని 14416 నంబర్ ఉన్నది. రాత్రయినా పగలైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడతరు, పైసలు తీసుకోరు. తల్లిదండ్రులు గూడ చెయ్యొచ్చు. ఆ నంబర్ రాసి మా ఫ్రిజ్ తలుపుకు అంటించిన, మా బిడ్డ స్నేహితురాళ్లు వచ్చినప్పుడు వాళ్లకు గూడ కనపడాలని.

అవ్ అక్కా, నిన్న సాయంత్రం మీ వాడు మామ స్కూటీ ఏసుకొని హైవే దిక్కు పోతుంటె చూసిన. కోపం తెచ్చుకోకు. మనది మామూలు రోడ్డా? ఇటు 44వ నంబర్ జాతీయ రహదారి, అటు రాజీవ్ రహదారి, నడుమ ఔటర్ దిగే లారీలు. పద్దెనిమిది నిండనోని చేతికి లైసెన్స్ లేకుంట బండిచ్చి వాడు దొరికితే, 2019ల మార్చిన చట్టం ప్రకారం బండి ఓనర్‌కు, తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేండ్లదాకా జైలు గూడ పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. వానికి 25 ఏండ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. గవన్ని పక్కన పెట్టు, లారీకి ఈ చట్టం తెల్వదు. శామీర్‌పేట చెరువు గూడ అంతే. కట్టమైసమ్మ కాడికి పోయొస్తమని చెప్పి నీళ్లల్లకు దిగుతుండ్రు పిల్లలు. ఈత వచ్చినోళ్లకు గూడ అడుగున బురద ఎక్కడుందో తెల్వదు. ఎండకాలం సెలవులొచ్చే ముందే గట్టిగ చెప్పు.

మల్ల శనివారం, మూడో శనివారం, బడిల తల్లిదండ్రుల మీటింగ్ ఉన్నది. మా చిన్నోడు ఎనిమిదిల ఉన్నడు గదా, నేను గూడ వస్త. పోయినప్పుడు ఒక పని తప్పకుంట చెయ్యి: పదో తరగతి నామినల్ రోల్స్‌ల మీ వాని పేరు, మీ ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూడు. ఆధార్ ముంగట పెట్టుకొని చూడు. రేపు ఉద్యోగానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ మెమోనే సాక్ష్యం. ఇప్పుడైతే హెడ్మాస్టర్‌కు చెప్తే దిద్దిస్తరు, మెమో ప్రింటయినంక దిద్దిచ్చుకునుడు పెద్ద తిప్పట. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు గూడ ఇప్పుడే మీసేవల పెట్టు. జూన్ల అయితే తహసీల్దార్ ఆఫీసు కాడ మేడ్చల్ మొత్తం లైన్ల ఉంటది.

మధ్యాహ్నం అన్నం, సాయంత్రం స్పెషల్ క్లాసులకు ఇచ్చే నాష్తా పిల్లలకు కడుపునిండుతున్నదా అని గూడ అడుగుదాం. పరీక్షల ముందు సాయంత్రం ఐదు దాటేదాక కూసోబెడ్తున్నరు, పిల్లలు ఆకలితోని చదువుతరా?

మీ ఆయనకు చెప్పు, ఆ రోజు డ్యూటీ రెండు గంటలు ఆలస్యంగ పోయినా ఏం గాదని. ఇద్దరు రండి. పిల్లగాణ్ని గూడ పక్కన కూసోబెట్టండి, సోషల్ సారుతోని వాని ముంగటనే మాట్లాడదాం. అప్పటిదాకా ఆ పీఆర్వో మల్ల వస్తే "మే నెలల చూద్దాం" అని చెప్పు.