సముద్రం లేని ఊరికి చుట్టాలొస్తే

ఏంది వదినగారూ, పొద్దున్నే పరుపులన్నీ గోడకెక్కినాయి? మీ మరిదిగారి వాళ్లొస్తున్నారా! ఎంతమంది? తొమ్మిదిమందే! అత్తగారు కూడానా? రానీండి, ఇల్లు కళకళలాడుతుంది. మా పెద్ద కుక్కరు ఊరికే పడుంది, తీసుకోండి.

ఏమడుగుతున్నారూ పిల్లలు? బెంగళూరులో బీచ్ ఎక్కడనా? నవ్వకండి, వాళ్ల తప్పేముంది! విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ ఎక్కి దిగిన పిల్లలు, ఊరన్నాక ఒక పక్క సముద్రం ఉంటుందనే అనుకుంటారు. మీ ఊరికి సముద్రముంది, రాజధాని రాలేదు. మా ఊరికి రాజధాని ఉంది, సముద్రం రాలేదు. మూడు వేల అడుగుల ఎత్తున కూర్చున్న ఊరు వదినా ఇది. సముద్రం చూడాలంటే చెన్నై పోవాల్సిందే, సుమారు 350 కిలోమీటర్లు.

సరే, మీరేం చూపిద్దామనుకుంటున్నారు? మైసూరా? ఒక్క రోజులోనా? వద్దంటే వద్దు. 2023లో ఆ కొత్త రోడ్డు తెరిచినప్పటి నుంచీ మైసూరు గంటన్నరే అని అందరూ ఊరిస్తారు. ఆ గంటన్నర కెంగేరి దాటినాక మొదలవుతుందని ఎవరూ చెప్పరు. మనం ఉండేది కేఆర్ పురంలో. ఇక్కణ్ణుంచి ఊరు అడ్డంగా కోసుకుని కెంగేరి చేరేసరికి మీవాళ్లు తెచ్చుకున్న చేగోడీలు అయిపోతాయి. ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేను పాటించేది ఒకటే. చూసే జాగా ఎంత గొప్పదని కాదు, మనింటికి ఏ దిక్కున ఉందని అడగాలి. మైసూరు పోతే అక్కడ ఒక రాత్రి ఉండేట్టు పోండి.

మన దిక్కులు తూర్పు, ఉత్తరం. అదృష్టమేమంటే ఆ రెండు వైపులా మన మాట నడుస్తుంది. హొసకోటె దాటినా, దేవనహళ్లి దాటినా బోర్డులు కన్నడంలో ఉంటాయి, టీ కొట్టు కబుర్లు తెలుగులో ఉంటాయి. బాగేపల్లిలో అయితే చెప్పనే అక్కర్లేదు. మీ అత్తగారు ధైర్యంగా బేరాలాడొచ్చు. మీ విశాఖ ‘ఏటీ’లు వాళ్లకు కొత్తగా ఉంటాయేమో గానీ, పని జరిగిపోతుంది.

నంది కొండా? ఆ, తప్పకుండా. కానీ ఆదివారం తెల్లారుజామున మాత్రం వద్దు. పోయిన దసరాకి మా చెల్లెలి పిల్లలు సూర్యోదయం సూర్యోదయం అని ప్రాణం తీశారు. చీకట్లో లేచి, ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకుని బయల్దేరాం. కొండ కింద కార్ల వరస చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ఆ వరసలో ఉండగానే సూర్యుడు ఎక్కాల్సినంత ఎక్కేశాడు. పైకి చేరితే మబ్బులూ లేవు, చలీ లేదు, సెల్ఫీ కర్రలున్నాయి. మామూలు రోజు పోండి. కొండ ఎత్తు 1,478 మీటర్లు, గాలి హాయిగా ఉంటుంది. టిప్పు డ్రాప్ దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. 1927లో గాంధీగారు ఒంట్లో బాగులేక విశ్రాంతికి వచ్చి ఉన్నది ఆ కొండ మీదే.

అయితే నన్నడిగితే కొండ కన్నా కొండ కింద ఉన్న భోగనందీశ్వరుడి గుడి ముఖ్యం. పైకి ఎగబడే జనంలో సగం మంది దాని పక్కనుంచే దుమ్ము లేపుకుంటూ పోతారు. వెయ్యేళ్లు దాటిన గుడి. పక్కనే ఉన్న అరుణాచలేశ్వరుడు బాలుడు, భోగనందీశ్వరుడు పడుచువాడు, కొండ మీది యోగనందీశ్వరుడు అన్నీ వదిలేసినవాడు అని చెప్తారు. కిందున్న ఇద్దరి మధ్యలో ఉమామహేశ్వరుల గుడి, దాని ముందు నల్లరాతి కల్యాణ మంటపం. ఆ స్తంభాల మీద చిలకలూ తీగలూ చెక్కిన తీరు చూస్తూ ఒక పూట గడిపేయొచ్చు. లోపలే పెద్ద కోనేరు, నాలుగు వైపులా మెట్లు. మీ అత్తగారు కూర్చోడానికి నీడ ఉంటుంది. కొండెక్కేవాళ్లు ఎక్కి రానీండి, మీరిద్దరూ అక్కడే ఉండిపోండి.

ఇంకో మాట. ఆ నంది కొండల వరసలోనే, చెన్నకేశవ కొండ మీద, మన పెన్న పుడుతుంది. ఇక్కడ ఉత్తర పినాకిని అంటారు. గౌరిబిదనూరు మీదుగా మన రాష్ట్రంలోకి దిగి, అనంతపురం, కడప చుట్టుకుని, నెల్లూరు దాటినాక సముద్రంలో కలుస్తుంది. బీచ్ అడిగిన పిల్లలకు చెప్పండి, మా దగ్గర సముద్రం లేదు గానీ సముద్రానికి నీళ్లు పంపేది మేమే అని. మరీ గట్టిగా చెప్పకండేం, ఎండల్లో పోతే చూపించడానికి చుక్క ఉండదు.

కొండ దిగినాక ముద్దేనహళ్లి దగ్గరే. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. ఆయన వాడిన వస్తువులు, బిరుదులు, ఫొటోలు పెట్టిన ఇల్లుంది, సమాధి కూడా ఆ ఊళ్లోనే. వాళ్ల పూర్వీకుల ఊరు మోక్షగుండం మన కంభం, గిద్దలూరు వైపుది. 1908లో మూసీ ముంచెత్తినాక హైదరాబాదుకి వరద రాకుండా పథకం వేసింది ఆయనే. మీ విశాఖ రేవును అలలు కోసెయ్యకుండా ఉపాయం చెప్పిందీ ఆయనేనంటారు. ఈ కరువు సీమలో, సముద్రం మొహం చూడని పల్లెలో పుట్టినాయన! మీ మరిదిగారు ఇంజనీరు కదూ, మొక్కుకుని వస్తారు.

లేపాక్షికి మాత్రం ఒక రోజు విడిగా పెట్టండి. హైదరాబాదు రోడ్డు పట్టుకుని నేరుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా పోయి ఎడమకి తిరగాలి. అంతా కలిపి 120 కిలోమీటర్లు. హెబ్బాళ ట్రాఫిక్ బెడద తప్పాలంటే మనవాళ్లంతా బూదిగెరె క్రాస్ దగ్గర తిరిగి దేవనహళ్లికి పోతారు. ముందు రోడ్డు పక్కనే బసవన్న కనిపిస్తాడు, ఒకటే రాయి, 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. మెడలో గంటల పట్టెడ చూడండి, కంసాలి చేసిచ్చినట్టుంటుంది. గుళ్లోకి పోగానే అందరూ వేలాడే స్తంభం దగ్గర గుమిగూడి కింద కండువా దూర్చి లాగుతుంటారు. మీరూ లాగండి, సరదానే. కానీ అంతటితో బయటికొచ్చేయకండి. తలెత్తి పైకప్పు చూడాలి. అచ్యుతరాయల కాలంలో, అంటే దగ్గర దగ్గర 500 ఏళ్ల కిందట వేసిన బొమ్మలు. వీరభద్రుడు ఎంత పెద్దగా ఉంటాడో! నాకైతే ఆడవాళ్ల చీరల మీదే కన్ను. ఎన్ని రకాల అంచులు, ఎన్ని రకాల గళ్లు! లేపాక్షి అంచులని కొట్లో మనం డబ్బులిచ్చి కొనేవన్నీ ఆ గుళ్లో రాతిలోనూ రంగులోనూ ఉన్నాయి. కట్టించిన విరూపణ్ణ రాయలవారి ఖజానా అధికారి. ఖజానా డబ్బు వాడాడని నింద పడితే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని కథ. ఆ ఎర్ర మరకలు చూపిస్తారు. పూర్తికాని కల్యాణ మంటపం స్తంభాలు ఇప్పటికీ ఆకాశం కిందే నిలబడి ఉన్నాయి. ఆ బండ మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. పిల్లలకు మేజోళ్లు తీసుకుపోండి.

వచ్చేటప్పుడు అదే దోవన రాకండి. హిందూపురం మీదుగా రండి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సులో వచ్చేవాళ్లే కదా, రైల్లో చూసిన ఊరు ఈసారి రోడ్డు మీద చూస్తారు. బార్డరు దాటి గౌరిబిదనూరు చేరకముందే విదురాశ్వత్థం వస్తుంది. విదురుడు నాటిన రావిచెట్టు అని పేరు. చుట్టూ ఎక్కడ చూసినా నాగప్రతిష్ఠలే, మొక్కుకున్నవాళ్లు తరతరాలుగా నిలబెట్టిన రాళ్లు. 1938 ఏప్రిల్ 25న కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి జనం చేరితే మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపింది ఇక్కడే. ముప్పై మందికి పైగా పోయారంటారు. వాళ్ల గుర్తుగా స్మారకం కట్టారు. మన పెద్దపిల్లలు జలియన్‌వాలా బాగ్ గురించి పరీక్షలో రాస్తారు గానీ, ఇంటికి ఇంత దగ్గర్లో ఇలాంటిది జరిగిందని వాళ్లకెవరూ చెప్పరు.

ఏంటీ, కేజీఎఫ్‌కా? సినిమా చూశారుగా, అడుగుతారు. బంగారం ఏమీ కనబడదని ముందే చెప్పి తీసుకుపోండి. 2001 ఫిబ్రవరిలో గనులు మూసేశారు, లోపలికి ఎవరినీ పోనీయరు. బయట బూడిద రంగు సైనైడు మట్టిదిబ్బలు, పాత దొరల బంగళాలు. మా తాతగారి అన్న అక్కడి గనిలో పనిచేశాడు, మా చిత్తూరు వైపు నుంచి అట్లా పోయినవాళ్లు బోలెడు. శివనసముద్రం నుంచి కరెంటు ఆ గనులకి 1902లో వచ్చింది, బెంగళూరు వీధులకు 1905లో. ఆ సంగతి చెప్పేటప్పుడు మా తాత ఛాతీ విరుచుకునేవాడు. దగ్గర్లోనే కమ్మసంద్రలో 108 అడుగుల కోటిలింగేశ్వరుడున్నాడు, పిల్లలు ఫొటోలు దిగుతారు, అంతే.

మీ అత్తగారి కోసమైతే కైవారం పెట్టుకోండి, చింతామణి దోవలో. కైవార తాతయ్య గాజులమ్ముకుని బతికిన యోగి, తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. ఆ మఠంలో తెలుగు తత్వాలు వింటే ఆమె లేవమన్నా లేవదు.

లాల్‌బాగ్‌కి బండి తీయకండి. మన స్టేషన్లో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారితే గుమ్మం ముందే దిగుతారు. 1889 నాటి అద్దాల ఇల్లు, హైదర్ అలీ మొదలెట్టిన తోట. చిన్నవాళ్లు ఆ పెద్ద బండ మీద ఆడుకుంటారు, దాని వయసు మూడు వందల కోట్ల ఏళ్లట.

బండి సంగతా? ఇన్నోవా ఎట్లా సరిపోతుంది! వాళ్లు తొమ్మిది, మీరిద్దరు, పదకొండు. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడండి. లేపాక్షికి బార్డరు దాటాలి కాబట్టి పర్మిట్ డబ్బులు ఎవరివో ముందే తేల్చుకోండి, చెక్‌పోస్టు దగ్గర డ్రైవర్‌తో గొడవ వద్దు. ఒక సీటు మిగిలింది కదా? పులిహోర నేను కలుపుకొస్తా, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టండి.